వాలుగ దవడ పళ్లు విడివిడిగా కనపడాలంటే: చిన్న కెమెరాలో ఫొటో క్వాలిటీ

[దృశ్యం: పొందూరులో ఒక ఇంటి వసారా. అరచేతిలో వాలుగ చేప దవడ. దాని సన్నటి పళ్లకు చిక్కుకున్న పత్తి పీచు.]

ఇది వాలుగ చేప దవడ. శ్రీకాకుళం జిల్లా పొందూరులో సన్న ఖద్దరుకు నూలు వడికేవారు పత్తిని దీని పళ్లతోనే దువ్వి శుభ్రం చేస్తారు. ఇప్పుడే దీన్ని రెండుసార్లు ఫొటో తీశాను. కెమెరా అదే, దూరం అదే, వెలుతురూ అదే.

[తెర రెండు భాగాలవుతుంది. రెండు ఫొటోలూ పక్కపక్కన పెద్దవవుతాయి.]

ఎడమ పక్కన పళ్లు విడివిడిగా ఉన్నాయి, ఒక పీచు ఏ పన్నుకు చుట్టుకుందో కూడా తెలుస్తోంది. కుడి పక్కన అదే పీచు తడి సున్నంలా అలుక్కుపోయింది. మధ్యలో నేను మార్చింది మెనూలో ఒక్క గుర్తు.

[దృశ్యం: కెమెరా వెనక తెర. మెనూ.]

నమస్కారం. బీరువాలో పడి ఉన్న చిన్న డిజిటల్ కెమెరాను తెచ్చుకుని మెనూ తెరవండి. అందులో రెండు సంగతులుంటాయి, చాలామంది వాటిని ఒకటే అనుకుంటారు. ఎల్, ఎమ్, ఎస్ అని ఉన్నది సైజు: ఫొటోలో ఎన్ని చుక్కలు, అంటే పిక్సెళ్లు, ఉండాలో చెబుతుంది. ఫైన్, నార్మల్ అని ఉన్నది క్వాలిటీ: ఆ చుక్కలను ఎంత గట్టిగా నొక్కి దాచాలో చెబుతుంది. కానన్‌లో నున్నటి వంపు గుర్తు ఫైన్, మెట్లు మెట్లుగా ఉన్నది నార్మల్. కొన్ని చవక కెమెరాల్లో సైజు ఒక్కటే ఉంటుంది, క్వాలిటీ సంగతి కెమెరాయే చూసుకుంటుంది.

ఈ నొక్కడం ఎలాగో చూద్దాం. 16 మెగాపిక్సెల్ ఫొటో అంటే అడ్డంగా 4608, నిలువుగా 3456 చుక్కలు. మొత్తం కోటీ 59 లక్షలు. ఒక్కో చుక్కకు మూడు బైట్ల చొప్పున 47 ఎంబీ దాటుతుంది. కార్డులో చూస్తే ఆరేడు ఎంబీలే! కెమెరా ఆ ఫొటోను ఎనిమిదికి ఎనిమిది చుక్కల గళ్లుగా కోసి, ప్రతి గడిలోనూ కంటికి అంతగా ఆనని సన్న తేడాలను పారేస్తుంది, మిగిలినదాన్ని పొందికగా సర్దుతుంది. ఫైన్‌లో తక్కువ పారేస్తుంది, నార్మల్‌లో ఎక్కువ. మబ్బులేని ఆకాశమైతే తేడా తెలియదు, పారేయడానికి అక్కడ ఏముంది గనుక. పత్తి పీచు అలా కాదు, అక్కడ ఉన్నవన్నీ సన్న తేడాలే. ఒకసారి పారేసింది కంప్యూటర్‌లో ఎంత దిద్దినా తిరిగి రాదు.

[దృశ్యం: ఖద్దరు చీర మీద నీటి అలల్లాంటి గీతలు.]

అన్నట్టు, ఖద్దరు చీరను తీసినప్పుడు ఇలా అలలు కనిపిస్తే క్వాలిటీని తిట్టకండి. నేత గీతలకూ, కెమెరా లోపల వెలుతురును పట్టే సెన్సర్ గళ్లకూ పొసగక వచ్చే తంటా అది. ఒక అడుగు వెనక్కి జరిగి మళ్లీ తీయండి.

[దృశ్యం: విజయనగరం. మూడు లాంతర్ల కూడలి, సాయంత్రం.]

నేను బోల్తాపడింది సైజు దగ్గర. ఒక దరఖాస్తుకు చిన్న ఫొటో కావాలని సైజును అడ్డంగా 640 చుక్కలకు తగ్గించి, మళ్లీ మార్చడం మరిచిపోయాను. ఆ వారమే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. సిరిమాను అనే పొడవాటి మాను కొసన కూర్చున్న పూజారి, కింద ఇసకేస్తే రాలని జనం; వంద ఫొటోలు తీశాను. వాటిలో ఒకటి పన్నెండుకు పద్దెనిమిది అంగుళాల్లో వేయించమంది పిన్ని, గోడకు పెట్టుకుంటానని. ల్యాబ్ కుర్రాడు ఫొటోను పెద్దది చేసి చూపించాడు. పూజారి ముఖం నాలుగు గళ్లు! "పోస్టుకార్డు కన్నా పెద్దది రాదు సార్" అన్నాడు. పిన్ని ఏమీ అనలేదు, అదే కష్టంగా ఉండింది. సిరిమాను మళ్లీ ఏడాదికి గానీ తిరగదు కదా.

[తెర మీద అంకెలు.]

ల్యాబులో అంగుళానికి 300 చుక్కలు పడితే ప్రింటు బాగుంటుంది. ఆరుకు నాలుగు అంగుళాల ఫొటోకు 1800, 1200 చుక్కలు, అంటే రెండు మెగాపిక్సెల్ చాలు. పన్నెండుకు ఎనిమిదైతే ఎనిమిదిన్నర మెగాపిక్సెల్. గోడకు పెట్టేదాన్ని దూరం నుంచి చూస్తాం కాబట్టి 200 చుక్కలతోనూ సరిపెట్టుకోవచ్చు.

కార్డులో చోటు తక్కువైతే ఏది తగ్గించాలి? నా మాట: సైజు తగ్గించండి, క్వాలిటీని ముట్టుకోవద్దు. ఈ కెమెరాల సెన్సర్ చిటికెన వేలి గోరంత. దాని మీద 16 మెగాపిక్సెళ్లు కుక్కినా, లెన్సు అంత సన్నంగా గీయలేదు. అందుకే ఎల్ నార్మల్ కన్నా, ఎనిమిది మెగాపిక్సెల్ ఉండే ఎమ్ ఫైన్ మేలు. కొత్త కార్డు కొనేటప్పుడు మాత్రం ఒకటి చూసుకోండి: పాత కెమెరాల్లో చాలావాటికి 32 జీబీ దాటిన కార్డు పనిచేయదు.

[దృశ్యం: మళ్లీ వసారా. కెమెరా తెర మీద ఎమ్, ఫైన్. మూలన ఇంకా ఎన్ని ఫొటోలు పడతాయో చూపే అంకె.]

ఎమ్, ఫైన్ పెట్టాను. ఈసారి దవడతో పాటు దువ్వే చేతులు, ముఖం కూడా.

[క్లిక్. రాట్నం దగ్గరి పెద్దావిడ కెమెరా తీసుకుని తెరలోకి చూస్తుంది.]

పెద్దావిడ: దవడ బాగానే పడింది బాబూ. నేనే కళ్లు మూసుకున్నాను. మళ్లీ తియ్యి.