గురువారం నాటి మాట

శ్రోతలకు నమస్కారం. బలూచిస్తాన్ జానపద కథల్లో దెయ్యాలు, పరీలనే దేవకన్యలు, రాజకుమారులు అందరూ ఉన్నారు. అయితే నాకు బాగా గుర్తుండిపోయేది ఇచ్చిన మాట కింద నలిగిపోయిన మనుషులే.

వాళ్ళలో మొదట చెప్పుకోవలసింది షే మురీద్, హానీల గురించి. హానీ అనే పేరు మన చెవికి కాస్త కంగారుగా వినిపిస్తుంది గానీ, పాపం ఆవిడ ఎవరికీ ఏ కీడూ చేయలేదు. కథాకాలం 15వ శతాబ్దం. మీర్ చాకర్ బలూచీల్లో రింద్ అనే తెగకు నాయకుడు, మురీద్ అతని నేస్తం, హానీ మురీద్‌కు నిశ్చయమైన పిల్ల. ఒకరోజు ఇద్దరూ వేట నుంచి దాహంతో వస్తూ, ఒకరికి నిశ్చయమైన పిల్ల ఇంటికి మరొకరు వెళ్ళారు. హానీ చాకర్‌కు ఇచ్చిన నీళ్ళలో కడిగిన గడ్డిపరకలు వేసింది. వాటిని తప్పించుకుంటూ అతను నిదానంగా తాగాడు. అక్కడ చాకర్‌కు నిశ్చయమైన పిల్ల ఉత్త నీళ్ళే ఇస్తే, మురీద్ గటగటా తాగేసి వాంతి చేసుకున్నాడు. గడ్డిపరకలు ఎందుకు వేసిందో చాకర్‌కు అప్పుడు తెలిసింది. అతని మనసు హానీ మీదికి పోయింది.

తర్వాత ఒక విందులో రింద్ వీరులు ఒట్లు పెట్టుకున్నారు. సభలో నా గడ్డం ముట్టుకుంటే తల తీస్తానన్నాడు జాడో. నా మందలో కలిసిన ఒంటెను తిరిగివ్వనన్నాడు హైబతాన్. గురువారం పొద్దున ఎవరేమడిగినా ఇస్తానన్నాడు మురీద్. చాకర్ ఊరుకుంటాడా, ఒక్కొక్కరినీ పరీక్షించాడు. జాడో గడ్డం ముట్టుకున్నది అతని సొంత కొడుకే, అయినా కత్తి ఆగలేదు. గురువారం చాకర్ పంపిన పాటగాళ్ళు వచ్చి, హానీని చాకర్‌కు ఇమ్మని మురీద్‌ను అడిగారు. ఇచ్చేశాడు.

బలూచీలు మాటకు కట్టుబడటాన్ని ప్రాణం కన్నా మిన్నగా చూస్తారు. శరణు కోరి వచ్చినవారిని ‘బాహోట్’ అంటారు. మరో కథలో సమ్మీ అనే వితంతువు అలాగే దోదా అనే వీరుడి దగ్గరికి వచ్చింది. ఆమె పశువులను శత్రువులు తోలుకుపోతే, నిద్రపోతున్న దోదాను తల్లే లేపి, శరణిచ్చినవాడు పట్టపగలు పడుకుంటాడా అని దెప్పి పంపింది. అతను తిరిగి రాలేదు. ఇక్కడ ఆడవాళ్ళు ఏడుస్తూ కూర్చునే పాత్రలు కారు.

మరి హానీని ఎవరైనా అడిగారా? లేదు. కథ కూడా మురీద్‌ను మెచ్చుకుని వదిలేయదు. అతను పిచ్చివాడై మక్కా వెళ్ళి, 30 ఏళ్ళకు ఫకీరుగా తిరిగొచ్చాడు. ఎవరూ వంచలేని తన ఇనుప విల్లును వంచి చూపేదాకా ఎవరూ పోల్చుకోలేదు. చాకర్ హానీకి విడాకులిచ్చినా, మురీద్ ఆమెను స్వీకరించలేదు. ఒంటె ఎక్కి ఎడారిలోకి వెళ్ళిపోయాడు. ఇంకా అక్కడెక్కడో తిరుగుతూనే ఉన్నాడని నమ్మేవాళ్ళున్నారు.