మొదటి గ్లాసు కంటే ముందు

సభకు నమస్కారం.

నేను ఎమర్జెన్సీ వార్డులో పనిచేసే డాక్టర్ని. తాగి బండి నడిపినవాడికీ, వాడు గుద్దిన మనిషికీ ఒకే రాత్రి, పక్కపక్క మంచాల మీద కుట్లు వేసినవాణ్ణి. అందుకే ఈ విషయం మీద మాట్లాడేటప్పుడు నా గొంతు కాస్త పెరుగుతుంది. మన్నించండి.

ఘోరమైన ప్రమాదం జరిగిన ప్రతిసారీ మొదట వినిపించే మాట ఒకటే: శిక్షలు చాలడం లేదు, ఇంకా పెంచాలి. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఆ మాట అంటే నేను ఎదురు చెప్పను. కానీ చట్టాలు చేసేవాళ్లు కూడా అక్కడే ఆగిపోతే ఒప్పుకోలేను. శిక్షకు భయపడాలంటే ముందు మెదడు లెక్క వేసుకోవాలి కదా! మద్యం మొట్టమొదట పట్టుకునేది ఆ మెదడునే. కాళ్లు తడబడకముందే, మాట ముద్దకట్టకముందే, 'ఇది ప్రమాదం' అని హెచ్చరించే శక్తి మందగిస్తుంది. కంచే చేను మేసినట్టన్నమాట. 'నేను బాగానే ఉన్నాను డాక్టరుగారూ' అని రక్తం కారుతుండగా నాతో అన్నవాళ్లు చాలామంది అబద్ధమాడలేదు. వాళ్లకు నిజంగానే అలా అనిపించింది.

కాబట్టి బండి తీయాలా వద్దా అన్న నిర్ణయాన్ని తాగిన మనిషికే వదిలేసే ఏ పద్ధతీ పనిచేయదు. ఆ నిర్ణయం మొదటి గ్లాసు ముట్టుకోకముందే అయిపోవాలి. నేను చెప్పదలచుకున్నది ఇదే. మరి అది ఎలా జరుగుతుందన్న దగ్గరే అసలు చర్చ.

పాత రోజుల్లో మత్తులో ఉన్నాడా లేదా అని తేల్చడానికి గీత మీద నడిపించేవారు, కళ్లు చూసేవారు, కోర్టుల్లో వాదించుకునేవారు. నార్వే 1936లో ఆ వాదనకు తెర దించింది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే చాలు, తూలినా తూలకపోయినా నేరమే. బ్రిటన్ 1967లో 80 మిల్లీగ్రాముల హద్దు పెట్టి, పోలీసుల చేతికి ఊదించే పరికరం ఇచ్చింది. అప్పటి రవాణా మంత్రి బార్బరా కాజిల్‌ను చంపుతామని బెదిరిస్తూ ఉత్తరాలు కూడా వచ్చాయి. అయినా ఆమె వెనక్కి తగ్గలేదు. ప్రమాదాలు ఒక్కసారిగా తగ్గాయి. మరి కొన్నేళ్లకు ఆ ఫలితం ఎందుకు కరిగిపోయింది? చట్టం మారలేదు, శిక్ష తగ్గలేదు. దాన్ని అధ్యయనం చేసిన అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త హెచ్. లారెన్స్ రాస్ చెప్పిన కారణం సూటిగా ఉంది: పోలీసులు ఆపేది ఎప్పుడో ఒకసారేనని జనానికి మెల్లగా అర్థమైంది. భయం శిక్ష గురించి కాదు, పట్టుబడటం గురించి.

దీనికి జవాబు ఆస్ట్రేలియాలో దొరికింది. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం 1982 డిసెంబరులో, అనుమానంతో పని లేకుండా, దారిన పోయే ఎవరినైనా ఆపి ఊదించడం మొదలుపెట్టింది. ఏదో మూలన నాలుగు రోజులు చేసి వదిలేయలేదు. అందరికీ కనిపించేలా, వేల సంఖ్యలో, నెలల తరబడి చేసింది. ఊదినవాడు ఇంటికెళ్లి చెప్పుకున్నాడు, విన్నవాడు ఇంకొకరికి చెప్పాడు. రోడ్డు మరణాలు సుమారు ఐదో వంతు తగ్గాయి. నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చిన సంగతి వేరే ఉంది. స్నేహితులు బలవంతం చేసినప్పుడు 'ఇవాళ నేను బండి తెచ్చాను, దారిలో ఆపుతారు' అనడం మర్యాదైన సాకు అయింది. తాగనన్నందుకు చిన్నబోవాల్సిన పని లేకుండా పోయింది. ఆ తనిఖీ దారిలో జరిగినా, అది పనిచేసింది బల్ల దగ్గర, మొదటి గ్లాసు కంటే ముందు.

ఏ తప్పూ చేయనివాణ్ణి ఎందుకు ఆపాలి అని అడిగేవాళ్లున్నారు. అది తేలిగ్గా కొట్టిపారేసే ప్రశ్న కాదు. ఇలాంటి తనిఖీలు రాజ్యాంగబద్ధమేనని అమెరికా సుప్రీంకోర్టు 1990లో మిషిగన్ రాష్ట్రం నుంచి వచ్చిన కేసులోనే చెప్పింది. కానీ మూడేళ్లకు అదే మిషిగన్ అత్యున్నత న్యాయస్థానం, మా రాష్ట్ర రాజ్యాంగం ఒప్పుకోదంది. నా మట్టుకు నేను నిమిషం ఆగి ఊదడానికి సిద్ధమే. కాకపోతే ముఖం చూసి, బట్టలు చూసి, పాత బండి చూసి ఆపకూడదు. ఆపితే అందరినీ ఆపాలి, లేదా వరుసలో ఇన్నో బండి అని లెక్క పెట్టుకుని ఆపాలి.

హద్దు తగ్గిస్తే చాలనేవాళ్లు రెండు అనుభవాలు పక్కపక్కన పెట్టుకుని చూడాలి. స్కాట్లండ్ 2014 డిసెంబరులో హద్దును 80 నుంచి 50కి దించింది. తర్వాత చేసిన అధ్యయనంలో ప్రమాదాలు తగ్గినట్టు కనబడలేదు. అమెరికాలో యూటా రాష్ట్రం 2018 చివర్లో అదే 50కి దిగితే ప్రాణాంతక ప్రమాదాల రేటు తగ్గింది. నేను హద్దు తగ్గించాలనే పక్షమే. అయితే తనిఖీ లేని హద్దు కాగితం మీద అంకె మాత్రమే.

ఇక యంత్రాలు. ఊదితే గానీ ఇంజిన్ స్టార్ట్ కాని ఇంటర్‌లాక్ పరికరం, దొరికినవాళ్ల బండికి బిగించినంతకాలం బాగా పనిచేస్తుంది. విప్పేశాక చాలామంది మళ్లీ పాత దారి పడుతున్నారు. మద్యం లేకుండా ఉండలేని మనిషికి కావలసింది ఆ పరికరంతో పాటు చికిత్స కూడా. జైలుకు పంపి, లైసెన్సు రద్దు చేసి, జబ్బును అలాగే వదిలేస్తే అతను లైసెన్సు లేకుండానే నడుపుతాడు. అలాంటివాళ్లను నేను రెండోసారి, మూడోసారి కూడా చూశాను.

తెల్లవారి సంగతి చాలామందికి తట్టదు. శరీరం 100 మిల్లీలీటర్ల రక్తంలోంచి గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల ఆల్కహాలునే వదిలించుకోగలదు. కాఫీ తాగినా, చన్నీళ్లు పోసుకున్నా ఆ వేగం పెరగదు. అర్ధరాత్రి 150 ఉన్నవాడికి ఆరు గంటలు నిద్రపోయి లేచాక కూడా ఇంకా 60 ఉంటుంది. పిల్లల్ని బడిలో దింపడానికి బయల్దేరే వేళ అది.

జపాన్ 2007లో ఇంకో అడుగు వేసింది. నడుపుతాడని తెలిసీ మందు పోసినవారికీ, బండి ఇచ్చినవారికీ, తీసుకెళ్లమని పక్కన కూర్చున్నవారికీ శిక్ష పెట్టింది. మొదట ఇది మరీ ఎక్కువేమో అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు. మత్తులో ఉన్నవాడి మెదడు పనిచేయనప్పుడు, పనిచేసే మెదడు ఆ బల్ల దగ్గర ఇంకొకటి ఉండాలి కదా.

గాయాలు మానిన మనిషిని ఇంటికి పంపేటప్పుడు 'ఇకమీద తాగి నడపవు కదా?' అని అడిగేవాణ్ణి. అందరూ 'నడపను' అనేవాళ్లు, మనస్ఫూర్తిగానే. కొంతకాలంగా ప్రశ్న మార్చాను. 'వచ్చేసారి తాగిన రాత్రి ఇంటికి ఎలా వెళ్తావు?' అని అడుగుతున్నాను. చాలామంది నోట మాట రాదు. అప్పుడు కుర్చీ దగ్గరికి లాక్కుంటాను. ఎవరికి ఫోన్ చేస్తావు, తాళం చెవి ముందే ఎవరి చేతికిస్తావు, బండి ఇంట్లోనే వదిలి వెళ్లగలవా అని ఒక్కొక్కటే అడిగి, పేర్లతో సహా చెప్పించుకున్నాకే చీటీ మీద సంతకం పెడుతున్నాను.