ఏడడుగుల రెండంగుళాల సత్నాం ఎన్‌బీఏలో ఎందుకు ఆడలేకపోయాడు?

[తెర మీద: అమలాపురంలో ఒక సిమెంట్ కోర్టు, సాయంత్రం ప్రాక్టీస్]

నమస్కారమండి. మన కోనసీమలో పిల్లాడు కాస్త పొడుగ్గా కనబడితే చాలు, "వీణ్ణి బాస్కెట్‌బాల్‌లో పెట్టండ్రా, ఎక్కడికో వెళ్లిపోతాడు" అంటారు. పొడుగు ఎంతవరకు తీసుకెళ్తుందో సత్నాం సింగ్ కెరీర్‌లో చూద్దాం.

పంజాబ్‌లో బల్లో కే అనే పల్లె, రైతు కుటుంబం. లూధియానా అకాడమీలో ఆట నేర్చాడు. 2010లో, పద్నాలుగేళ్లకే, స్కాలర్‌షిప్ మీద ఫ్లోరిడా వెళ్లాడు. ఎన్‌బీఏ అంటే అమెరికాలోని పెద్ద బాస్కెట్‌బాల్ లీగ్. అందులో జట్లు కొత్త ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకోవడాన్ని డ్రాఫ్ట్ అంటారు. 2015 జూన్ 25న ఆ డ్రాఫ్ట్‌లో డాలస్ మావరిక్స్ జట్టు 52వ పేరుగా అతన్ని తీసుకుంది. ఇండియాలో పుట్టినవాళ్లలో ఆ గౌరవం దక్కిన మొదటివాడు.

అయితే డ్రాఫ్ట్ అయితే ఉద్యోగం వచ్చేసినట్టు కాదండి. ఆ ఏడాది రెండు రౌండ్లలో 60 మందిని తీసుకున్నారు. మొదటి 30 మందికే కాంట్రాక్టు గ్యారంటీ. సత్నాం కింది లీగ్‌లో టెక్సాస్ లెజెండ్స్‌కి రెండు సీజన్లు ఆడాడు. అక్కడ సీజన్ జీతం 26 వేల డాలర్లు దాటేది కాదు. పైన ఎన్‌బీఏలో కొత్తవాడికి కనీసమే 5.25 లక్షల డాలర్లు. ఆ పై లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా అతనికి దక్కలేదు.

[తెర మీద: 2015 ఫైనల్స్ స్కోర్లు]

నాకు కనిపించే పెద్ద కారణం, అప్పుడే ఆట మారిపోవడం. డ్రాఫ్ట్‌కి తొమ్మిది రోజుల ముందే గోల్డెన్ స్టేట్ వారియర్స్ టైటిల్ కొట్టింది. ఫైనల్స్‌లో 2-1 మ్యాచ్‌లతో వెనకబడ్డప్పుడు వాళ్ల కోచ్ ఏడడుగుల బోగట్‌ని బెంచ్ మీద కూర్చోబెట్టి, ఆరడుగుల ఆరంగుళాల ఇగ్వడాలాని దింపాడు. అక్కణ్ణుంచి వరసగా మూడు మ్యాచ్‌లూ వాళ్లవే.

[స్లో మోషన్: స్క్రీన్ వేస్తున్న ఆటగాడు]

ఇక్కడ ఆపి చూడండి. స్క్రీన్ పడింది, అంటే బంతి ఉన్నవాడి తోటి ఆటగాడు డిఫెండర్‌కి అడ్డంగా నిలబడ్డాడు. డిఫెండర్ ఇరుక్కున్నాడు. ఇప్పుడు బంతి ఉన్నవాడికి ఎదురుగా మీ పొడుగాయన ఒక్కడే. మీ ఆయన రింగ్ దగ్గరే ఉండిపోతే బంతి ఉన్నవాడు దూరం నుంచే త్రీ, అంటే మూడు పాయింట్ల షాట్, కొడతాడు. ముందుకొస్తే పక్కనుంచి దూసుకుపోతాడు. మోకాళ్లు వంచి, మడమలు నేలకి ఆనకుండా, పక్కకి చకచకా జరిగేవాడే వాణ్ణి ఆపగలడు. అంత భారీ మనిషికి ఇది చాలా కష్టం. కోచ్‌లకి దండం పెట్టి చెబుతున్నా: పొడుగు పిల్లల్ని రింగ్ కింద నిలబెట్టి రీబౌండ్లే (గురి తప్పి తిరిగొచ్చే బంతులే) పట్టించకండి. డ్రిబ్లింగ్, పక్కడుగులు వాళ్లకీ పొట్టి పిల్లలతో సమానంగా నేర్పండి.

తర్వాత సత్నాం కెనడాలో ఆడాడు. డోప్ పరీక్షలో హైజెనమైన్ అనే నిషేధిత పదార్థం తేలడంతో 2020 డిసెంబర్‌లో రెండేళ్ల నిషేధం పడింది. కొన్ని సప్లిమెంట్లలోనూ ఇది ఉంటుంది. జిమ్‌లో ఎవరో ఇచ్చిన డబ్బా పొడి పిల్లలకి పట్టించకండి. 2021లో అతను అమెరికాలో ప్రో రెజ్లింగ్‌కి మారాడు.

మరి మన పిల్లలకి దారేది? ఇక్కడ ఈ ఆటకి అన్నం పెట్టేది ఎక్కువగా ఉద్యోగాలే: రైల్వే, ఆర్మీ, ఓఎన్‌జీసీ. ఓఎన్‌జీసీ అంటే మనకి కోనసీమ రిగ్గులు, రాజమండ్రి ఆఫీసే గుర్తొస్తాయి గానీ, దేశంలో గట్టి బాస్కెట్‌బాల్ జట్లలో వాళ్లదొకటి. భారత జట్టు కెప్టెన్‌గా చేసిన విశేష్ భృగువంశీ ఆ జట్టువాడే. 2017లో ఆస్ట్రేలియా లీగ్ కాంట్రాక్టు, 2020కి అర్జున అవార్డు అందుకున్నాడు. స్పోర్ట్స్ కోటాలో ఏ టోర్నీ ఆడారో కాగితం మీద చూపించాలి. జిల్లా స్థాయి నుంచి ప్రతి సర్టిఫికెట్టూ ఒక ఫైల్లో పెట్టించండి.