భిన్నాల స్లిప్ టెస్ట్ గూగుల్ ఫారంలో: తప్పు సమాధానం కూడా పనికొచ్చేలా

తెర: నల్లబల్ల మీద 1/2 + 1/3 = ?

వాయిస్: ఆరో తరగతిలో భిన్నాల కూడిక చెప్పడం అయింది. తరగతిలో 45 మంది. ఎవరికి ఎక్కడ తేడా వచ్చిందో తెలియాలంటే 45 నోటుబుక్కులు దిద్దాలి. గూగుల్ ఫారం ఆ దిద్దుబాటు చేసిపెడుతుంది. అయితే ఫోన్ తెరిచే ముందు కాగితం మీద చేయాల్సిన పని ఒకటుంది. ఈ టెస్టు విలువంతా ఆ పనిలోనే ఉంది.

తెర: నాలుగు ఆప్షన్లు: 5/6, 2/5, 2/6, 1/6

వాయిస్: తప్పు ఆప్షన్లను ఏదో ఒక అంకె వేసి నింపేయకండి. పిల్లలు నిజంగా చేసే తప్పులనే ఆప్షన్లుగా పెట్టండి. 2/5 ఎంచుకున్న పిల్ల లవానికి లవం, హారానికి హారం కలిపేసింది. 2/6 ఎంచుకున్న పిల్లాడికి ఉమ్మడి హారం తెలుసు. హారం మార్చినప్పుడు లవం కూడా మారాలన్నది మాత్రం వదిలేశాడు. 1/6 అన్నవాళ్లు కూడడానికి బదులు గుణించారు. ముగ్గురికీ సున్నా మార్కులే, కానీ ముగ్గురికీ రేపు చెప్పాల్సింది వేరు. ఇలాంటి ప్రశ్నలు అయిదు చాలు. ఇరవై పెడితే చివరి పది ఊహించి నొక్కుతారు.

తెర: ఫార్మ్స్ డాట్ న్యూ (forms.new) అని టైప్ చేస్తున్న బ్రౌజర్

వాయిస్: బ్రౌజర్‌లో ఈ చిరునామా కొడితే ఖాళీ ఫారం వస్తుంది. ముందుగా సెట్టింగ్స్‌లోకి వెళ్లి 'మేక్ దిస్ ఎ క్విజ్' ఆన్ చేయండి. దాని కిందే విద్యార్థికి ఏమేం కనిపించాలో అడుగుతుంది. అక్కడ 'కరెక్ట్ ఆన్సర్స్', 'మిస్డ్ క్వశ్చన్స్' రెండూ ఆపేయండి. ఆపకపోతే మొదట రాసినవాళ్లు తీసిన స్క్రీన్‌షాట్ మిగతావాళ్లు మొదలుపెట్టేలోపే వాట్సాప్ గ్రూపులో ఉంటుంది.

తెర: సెట్టింగ్స్‌లో రెస్పాన్సెస్ భాగం

వాయిస్: ఈ-మెయిల్ తీసుకోవడం, 'లిమిట్ టు వన్ రెస్పాన్స్' రెండూ ఆఫ్‌లోనే ఉంచండి. ఒక్కసారే రాయాలన్న నిబంధన మంచిదే అనిపిస్తుంది. కానీ అది పెడితే గూగుల్ ఖాతాతో లాగిన్ కావాలి. మన పిల్లల్లో చాలామంది రాసేది నాన్న ఫోన్‌లోనో పక్కింటివాళ్ల ఫోన్‌లోనో. ఒకే ఫోన్‌లో ఇద్దరు స్నేహితులు రాస్తే రెండోవాళ్లకు ఫారం తెరుచుకోదు. ఫైల్ అప్‌లోడ్ ప్రశ్న పెట్టినా ఇదే లాగిన్ చిక్కు.

మరి ఎవరు రాశారో ఎలా తెలుస్తుంది? మొదటి ప్రశ్నగా రోల్ నంబరు అడగండి. 'షార్ట్ ఆన్సర్' రకం ఎంచుకుని, 'రిక్వైర్డ్' ఆన్ చేసి, మూడు చుక్కలు నొక్కి 'రెస్పాన్స్ వ్యాలిడేషన్' తీయండి. నంబర్, బిట్వీన్, 1, 45 అని ఇవ్వండి. వేరేదేదైనా రాస్తే కనిపించేలా, పక్కనున్న గడిలో "రోల్ నంబరు మాత్రమే రాయండి" అని తెలుగులోనే పెట్టవచ్చు. పేరు ఒక్కటే అడిగితే ఒకే అమ్మాయి పేరు ఈ వారం ఒకలా, వచ్చే వారం ఇంకోలా వస్తుంది. జవాబులు చేరే గూగుల్ షీట్‌లో వరస కుదరదు.

తెర: అను ఫాంట్ నుంచి పేస్ట్ చేసిన, చదవడానికి వీల్లేని గీతలు, గుర్తులు

వాయిస్: పాత ప్రశ్నపత్రం నుంచి కాపీ చేస్తే ఇలా వచ్చిందా? అది అను ఫాంట్లలో టైప్ చేసిన పత్రం. ఆ ఫాంట్లు యూనికోడ్ (ఫోన్లు, వెబ్‌సైట్లు అన్నీ వాడే అక్షరాల పద్ధతి) కావు కాబట్టి ఫారంలో తెలుగు కనిపించదు. మొత్తం మళ్లీ టైప్ చేయనక్కర్లేదు. పత్రం పీడీఎఫ్‌నో, స్పష్టంగా తీసిన ఫొటోనో గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, కంప్యూటర్‌లో దానిమీద రైట్ క్లిక్ చేసి గూగుల్ డాక్స్‌తో తెరవండి. అక్షరాలు మామూలు తెలుగుగా వస్తాయి. ఒత్తులు, భిన్నాలు మాత్రం ఒకసారి సరిచూసుకోండి, ఎక్కువగా చెడేవి అవే. నిలువు భిన్నాలు రాయడానికి ఫారంలో సాధనం లేదు. 1/2 అని అడ్డంగా రాయండి, లేదా ప్రశ్నకు బొమ్మ జతచేయండి.

ప్రశ్న టైప్ చేశాక 'ఆన్సర్ కీ' నొక్కి సరైనదాన్ని గుర్తించి మార్కు ఇవ్వండి. ఖాళీ పూరించే ప్రశ్నలతో జాగ్రత్త. కీలో "హారం" అని ఉండి, పిల్లవాడు "హారము" అని రాస్తే ఫారం తప్పు వేస్తుంది. రెండు రూపాలూ కీలో చేర్చండి. అంతకంటే ఇలాంటి టెస్టుకు ఆప్షన్ల ప్రశ్నలే మేలు.

పక్కపక్కన కూర్చుని రాసేవాళ్ల కోసం మూడు చుక్కల్లో 'షఫుల్ ఆప్షన్ ఆర్డర్' ఉంది. అది ఆన్ చేస్తే "పైవన్నీ" అనే ఆప్షన్ పెట్టకూడదు. అదే అన్నిటికన్నా పైకి వచ్చి కూర్చోవచ్చు.

తెర: పబ్లిష్ బటన్, ఆ తర్వాత లింకు

వాయిస్: పబ్లిష్ చేశాక లింకు ఉన్న ఎవరైనా రాయగలిగేలా ఉందో లేదో చూడండి. పాఠశాల ఇచ్చిన ఖాతాలో చేస్తే, బయటివాళ్లు తెరవకుండా కట్టడి ఉండే అవకాశం ఎక్కువ. లింకును ఫారం ఇచ్చే చోటనుంచే కాపీ చేయండి. బ్రౌజర్ పైన కనిపించే, చివర 'ఎడిట్' అని ఉండే చిరునామా పంపితే పిల్లలకు ఫారం రాదు, అనుమతి అడిగే పేజీ వస్తుంది. గ్రూపులో పెట్టే ముందు ఇన్‌కాగ్నిటో విండోలో, అంటే మీ ఖాతా లాగిన్ లేకుండా తెరుచుకునే విండోలో, ఒకసారి మీరే రాసి చూడండి.

ఇంట్లో ఫోన్ లేని పిల్లలను వదిలేయకండి. ఫారం మూడు చుక్కల్లో 'ప్రింట్' ఉంది. కాగితం మీద రాయించి, వాళ్ల జవాబులు అదే లింకులో మీరు నొక్కేయండి. అయిదు ప్రశ్నలే కదా. వాళ్లు లేని లెక్క తరగతి లెక్క కాదు.

తెర: రెస్పాన్సెస్, సమ్మరీ

వాయిస్: ఇప్పుడు రెస్పాన్సెస్‌లో సమ్మరీ తెరవండి. సగటు మార్కు పక్కన పెట్టి, ప్రతి ప్రశ్న కింద ఏ ఆప్షన్ ఎంతమంది ఎంచుకున్నారో చూపే బొమ్మ చూడండి. ఎక్కువమంది 2/5 ఎంచుకుని ఉంటే, క.సా.గు. మళ్లీ చెప్పి లాభం లేదు. కాగితం మడతపెట్టి సగం చూపించండి. 2/5 సగం కంటే తక్కువ. సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తగ్గుతుందా అని అడగండి. 2/6 వాళ్లకు సమాన భిన్నాల మెట్టు ఒక్కటి చాలు: 1/2 ను 3/6 గా, 1/3 ను 2/6 గా మార్చించండి. ఎవరెవరు ఏ గుంపో తెలియాలంటే అక్కడే షీట్స్ గుర్తు నొక్కండి. ఒకే రోల్ నంబరు రెండుసార్లు వస్తే ముందు సమయం ఉన్న వరసనే లెక్కలోకి తీసుకోండి.

వచ్చే వారానికి ఇదే ఫారంలో 'మేక్ ఎ కాపీ' కొట్టి ప్రశ్నలు మార్చండి. రోల్ నంబరు ప్రశ్న, సెట్టింగులు అలాగే వస్తాయి. ఆన్సర్ కీ కూడా పాతదే ఉంటుంది కాబట్టి ప్రతి ప్రశ్నకూ కొత్త జవాబు గుర్తించాకే పబ్లిష్ చేయండి.