డెబ్భై వేలు: చేతిలోకా, టీవీ కిందికా?

(ఎపిసోడ్ పూర్తి పాఠం. మాట్లాడుతున్నవాళ్లు: బరంపురంలో ఎలక్ట్రానిక్స్ దుకాణం నడిపే బావ, విశాఖలో ఉద్యోగం చేస్తూ సెలవులకు ఇంటికొచ్చే బావమరిది.)

బావమరిది: నమస్కారం. ఆటో హారన్లు వినిపిస్తే కొంచెం సర్దుకోండి, మా బావ దుకాణం మేడ మీద గదే మా స్టూడియో. ఈసారి విషయం హ్యాండ్‌హెల్డ్ గేమింగ్ పీసీలు, అంటే చేతిలో పట్టుకుని గేములు ఆడే చిన్న కంప్యూటర్లు. బావా, ముందు ఇది చెప్పు. బరంపురంలో వీటిని అడిగేవాళ్లు ఉన్నారా అసలు?

బావ: అడిగేవాళ్లు ఉన్నారు, కొనేవాళ్లే తక్కువ. పీఎస్5, అదే టీవీకి తగిలించి ఆడే సోనీ కన్సోల్, అయితే డబ్బా చూపిస్తే చాలు, నేరుగా ధర దగ్గరికి వచ్చేస్తారు. దీనికి అరగంట క్లాసు చెప్పాలి. "ఇది కంప్యూటరా, కన్సోలా?" దగ్గర మొదలవుతుంది.

బావమరిది: నువ్వేం చెప్తావు?

బావ: కంప్యూటరే అంటాను. లోపల విండోస్ 11 ఉంది, కావాలంటే ఎక్సెల్ కూడా తెరుచుకుంటుంది. ఆ మాట వినగానే కుర్రాడి నాన్నగారు "అయితే చదువుకీ పనికొస్తుందన్నమాట" అంటారు. కుర్రాడేమో కాదనొద్దు అన్నట్టు నా వంక చూస్తాడు.

బావమరిది: (నవ్వు) నువ్వు కాదనవు కదా.

బావ: వ్యాపారం రా.

బావమరిది: చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను. జేబులో పట్టే విండోస్ గేమింగ్ మెషిన్లు చైనాలో జీపీడీ అనే కంపెనీ 2016 నుంచే చేస్తోంది. వాటిని కొన్నది పిచ్చి ఉన్నవాళ్లే. 2022 ఫిబ్రవరిలో వాల్వ్ కంపెనీ స్టీమ్ డెక్ తెచ్చింది, అమెరికాలో 399 డాలర్ల నుంచి. అక్కడి నుంచి అందరూ దిగారు. 2023లో అసుస్ ఆర్‌ఓజీ ఆలై, అదే ఏడాది చివర్లో లెనోవో లీజియన్ గో, తర్వాత ఎంఎస్ఐ క్లా. 2025 అక్టోబర్‌లో మైక్రోసాఫ్ట్, అసుస్ కలిసి ఎక్స్‌బాక్స్ పేరు పెట్టి ఇంకోటి తెచ్చాయి.

బావ: ఇంత హడావుడి జరిగిందా, మరి లెక్క చూడు. ఐడీసీ అనే మార్కెట్ లెక్కల సంస్థ అంచనా ప్రకారం 2022 నుంచి 2024 వరకు మూడేళ్లలో ఈ పెద్ద కంపెనీల హ్యాండ్‌హెల్డ్‌లన్నీ కలిపి 60 లక్షలకు కాస్త తక్కువే. చేతిలో పట్టుకుని ఆడే కన్సోలే అయిన నింటెండో స్విచ్ ఒక్కటే 15 కోట్లు దాటింది. పీఎస్5 ఎనిమిది కోట్లు దాటింది. యూట్యూబ్ చూస్తే మాత్రం కన్సోళ్ల పని అయిపోయింది అనిపిస్తుంది.

బావమరిది: ఎందుకంత తేడా? వస్తువులో లోపమా?

బావ: లోపం కాదు, అమ్మే పద్ధతి. సోనీ పీఎస్5 పెట్టె మీద పెద్దగా లాభం చూసుకోదు. ఆ తర్వాత నువ్వు కొనే ప్రతి గేమ్‌లోనూ దానికి వాటా వస్తుంది, సుమారు 30 శాతం. కాబట్టి పెట్టె చవగ్గా ఇచ్చినా నష్టం లేదు. వాల్వ్‌కీ అంతే, స్టీమ్ అనే గేముల దుకాణం వాళ్లదే కదా. అసుస్‌కి, లెనోవోకి ఏముంది? నువ్వు ఆలై కొని స్టీమ్‌లో గేమ్ కొంటే ఆ వాటా వాల్వ్‌కి పోతుంది. అసుస్‌కి రావాల్సిన లాభమంతా ఆ ఒక్క పెట్టెలోనే రావాలి. అందుకే ధర అంత పైన ఉంటుంది.

బావమరిది: మన దగ్గర ఆ ధరలు చెప్తాను. పీఎస్5 ఇండియాకి 2021 ఫిబ్రవరిలో వచ్చింది, 49,990 రూపాయలకి. తర్వాత 54,990 చేశారు. ఆలై 2023 జులైలో 69,990కి వచ్చింది. అంటే తేడా పదిహేను వేలు. లీజియన్ గో 89,990. చవగ్గా ఉండే స్టీమ్ డెక్ మాత్రం ఇక్కడ అధికారికంగా అమ్మరు. నింటెండో కూడా అంతే. ఆ రెండూ కావాలంటే బయటి దేశం నుంచి తెప్పించిన పీసు, వారంటీ లేకుండా.

బావ: అదీ అసలు సంగతి. ప్రపంచంలో ఈ రకం వస్తువుని నిలబెట్టిన రెండు మెషిన్లూ మనకి దొడ్డిదారినే రావాలి. ముందు గుమ్మం నుంచి వచ్చేవి ఖరీదైనవి.

బావమరిది: అయినా నేను దాని వైపే. ఒక్క మాట, టీవీ. మీ ఇంట్లో టీవీ ఎవరిది?

బావ: మీ అక్కది.

బావమరిది: సాయంత్రం ఆరు నుంచి?

బావ: ఆరు నుంచి మా అమ్మది. తొమ్మిది తర్వాత మీ అక్కది. పదిన్నరకి ఖాళీ అవుతుంది, అప్పుడు సౌండ్ పెట్టకూడదు.

బావమరిది: చూశావా! పీఎస్5 కొంటే 55 వేలతో అయిపోదు. దానికి టీవీ కావాలి, ఆ టీవీ ఖాళీగా ఉండాలి, ఆ ముందు గదిలో మంచం వేసుకుని ఎవరూ పడుకోకూడదు. అద్దె గదుల్లో ఉండేవాళ్ల సంగతి వేరు, అసలు టీవీయే ఉండదు. గుణుపురం, రాయగడ హాస్టళ్లు చూడు. గంజాం నుంచి సూరత్ మగ్గాలకి వెళ్లినవాళ్ల గదులు చూడు, ఒక్కో గదిలో ఎంతమంది పడుకుంటారు! అక్కడ కన్సోల్ ఎక్కడ పెడతావు?

బావ: సూరత్ గదిలో ఉండేవాడు డెబ్భై వేలు దీనికి పెడతాడా?

బావమరిది: పెట్టడు, ఒప్పుకుంటాను. వాడి చేతిలో ఉండేది ఫోనే. హాస్టల్ కుర్రాడు పెట్టొచ్చు. ఉద్యోగం వచ్చి ఇంకా పెళ్లి కాని నాలాంటివాడు పెడతాడు.

బావ: టీవీ గొడవకి సోనీ దగ్గర ఇంకో మందు ఉంది. ప్లేస్టేషన్ పోర్టల్. 2024 ఆగస్టులో ఇండియాకి 18,990కి తెచ్చారు. ఇంట్లో పీఎస్5 ఆన్‌లో ఉంటే, వైఫై మీద ఆ బొమ్మ నీ చేతిలో తెర మీదకి వస్తుంది. అమ్మ సీరియల్ అమ్మది, నీ ఆట నీది.

బావమరిది: కానీ ముందు పీఎస్5 ఉండాలి, దాని మీద ఇది. రెండూ కలిపితే మళ్లీ డెబ్భై నాలుగు వేలు. ఊళ్లో నెట్ నత్తలా నడిచిన రోజు నేను బయట నుంచి ఆడలేను.

బావ: సరే, నువ్వు రైల్లో ఆడతానంటావు కదా. ఆ కథ చెప్పు.

బావమరిది: విశాఖ నుంచి బరంపురం నాలుగు గంటలకు పైనే. పలాస దాటేసరికి బ్యాటరీ అయిపోతుంది.

బావ: పలాస దాకా వస్తుందా! పెద్ద గేమ్ పెడితే శ్రీకాకుళం రోడ్ కూడా రాదు. లెక్క సులువే. మొదటి ఆలైలో బ్యాటరీ 40 వాట్ అవర్లు. పెద్ద గేమ్ ఆడితే చిప్పుకే 25 వాట్లు కావాలి, తెర, ఫ్యాన్ కలిపితే ఇంకా పైకి పోతుంది. నలభైని దాంతో భాగించు, గంట, గంటంపావు. 2024లో ఆలై ఎక్స్ అని 80 వాట్ అవర్లది తెచ్చింది అందుకే. కానీ దాని ధర మళ్లీ పైన.

బావమరిది: చిన్న గేములు, పాత గేములు పెట్టుకుంటే మూడు నాలుగు గంటలు వస్తుంది. నేను వాట్లు తగ్గించి ఆడతాను.

బావ: డెబ్భై వేల మెషిన్ కొని పాత గేములు ఆడతావు.

బావమరిది: అదే కదా అందం! నా స్టీమ్ అకౌంట్లో ఏళ్ల తరబడి కొన్నవి ఉన్నాయి, ఇప్పటికీ సగం తెరవలేదు. కన్సోల్ కొత్తది కొంటే అలమర ఖాళీగా మొదలవుతుంది. ఇది కొన్నరోజే నిండా ఉంటుంది. స్టీమ్ 2015 నుంచి రూపాయల్లో అమ్ముతోంది, యూపీఐ తీసుకుంటుంది, జూన్ చివర్లో, డిసెంబర్లో సేల్ పెడుతుంది. సోనీ కొత్త గేమ్ 4,999. అలాంటి వాటిలో కొన్ని కొన్నాళ్లకి పీసీకి వచ్చాయి, ఇంకొన్నాళ్లకి సేల్‌లో సగానికి వచ్చాయి. ఆగగలిగితే చాలు. పైగా పీఎస్5లో డబ్బు పెట్టి కొన్న గేమ్‌ని ఆన్‌లైన్‌లో పదిమందితో ఆడాలంటే నెలనెలా ప్లేస్టేషన్ ప్లస్ కట్టాలి. పీసీలో ఆ బాధ లేదు.

బావ: ఇక్కడే నువ్వు డిస్కు సంగతి మర్చిపోతావు. మన ఊళ్లో పీఎస్5 నడిచేదే డిస్కుల మీద. ఒకడు కొత్తది కొంటాడు, రెండు వారాల్లో పూర్తి చేసి నా దగ్గరికి తెస్తాడు. నేను ఇంకొకడికి అమ్ముతాను. వాడు పర్లాఖిమిడిలో వాళ్ల బావకి ఇస్తాడు. ఒక డిస్కు ముగ్గురు నలుగురి ఇళ్లు తిరుగుతుంది. 4,999 అంటే నలుగురి మీద పడిన ఖర్చు అది. నీ స్టీమ్ గేమ్ నువ్వు ఎవరికైనా అమ్ము చూద్దాం!

బావమరిది: అమ్మలేను. అకౌంటుతోనే ఉండిపోతుంది.

బావ: మరి? సేల్ ధర చూసి పొంగిపోకు, డిస్కు తిరిగి అమ్మితే వచ్చేది కూడా లెక్కలో వెయ్యి. డిస్కు పెట్టే చోటు లేని పీఎస్5 డిజిటల్ ఎడిషన్ కొన్నవాళ్లు మాత్రం నీ దారే, రెండింటికీ చెడ్డవాళ్లు.

బావమరిది: బలం సంగతి? తెర మీద బొమ్మ?

బావ: దాని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పీఎస్5లోనూ స్టీమ్ డెక్‌లోనూ ఏఎండీ ఒకే తరం చిప్పులు. ఒకటి గోడ ప్లగ్గు నుంచి 200 వాట్ల దాకా తాగుతుంది, ఇంకోటి 15 వాట్లలో సర్దుకుంటుంది. తేడా ఎందుకుండదు? కాకపోతే ఏడంగుళాల తెర మీద ఆ తేడా కంటికి అంతగా ఆనదు.

బావమరిది: కరెంటు పోయిన రోజు ఆ 15 వాట్లే గెలుస్తుంది. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు మన వీధిలో...

బావ: తుఫానులో గేమ్ ఆడతావా నువ్వు! ఫోన్ ఛార్జింగ్ దొరికితే చాలనుకున్నారు జనం.

బావమరిది: (నవ్వు) సరే, వేసవి కోతలు అనుకో. ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు ఆపి పీఎస్5, టీవీ నడిపితే ఇంట్లో ఊరుకుంటారా?

బావ: అది నిజమే. కానీ నాకు అసలు భయం సర్వీసు. కంపెనీ పేరు చెప్పను, ఒక కుర్రాడి హ్యాండ్‌హెల్డ్‌లో జాయ్‌స్టిక్ దానంతటదే కదలడం మొదలైంది. వారంటీ ఉంది. పెట్టె భువనేశ్వర్ పోయింది, అక్కడి నుంచి ఇంకెక్కడికో పోయింది, వచ్చేసరికి వాడి సెమిస్టర్ అయిపోయింది. పీఎస్5లో అదే జరిగితే కంట్రోలర్ ఒక్కటే పోతుంది. ఇంకోటి కొనుక్కుని ఆ సాయంత్రమే ఆడుకుంటాడు. ఇందులో స్టిక్కు, తెర, బ్యాటరీ, చిప్పు అన్నీ ఒకే ఒంట్లో ఉన్నాయి. ఏది పోయినా అన్నీ పోయినట్టే.

బావమరిది: దీనికి నా దగ్గర జవాబు లేదు. లీజియన్ గోలో కంట్రోలర్లు ఊడి వస్తాయి, అదొక్కటే.

బావ: విండోస్ సంగతి నువ్వే చెప్పు, నేనంటే దెప్పినట్టుంటుంది.

బావమరిది: విండోస్ మౌస్ కోసం పుట్టింది. ఏడంగుళాల తెర మీద ఆ చిన్న గుర్తుని బొటనవేలితో నొక్కడం విసుగు. నిద్రపుచ్చి బ్యాగులో పెడితే లోపల లేచి కూర్చుంటుంది, బ్యాగు వేడెక్కుతుంది. స్టీమ్ డెక్‌లో విండోస్‌కి బదులు ఉండే స్టీమ్ ఓఎస్ లినక్స్ మీద చేసింది. బటన్ నొక్కితే నిద్ర, మళ్లీ నొక్కితే ఆట ఆపిన చోటు నుంచే. 2025లో లీజియన్ గో ఎస్‌ని కూడా ఆ ఓఎస్‌తో అమ్మారు. ఎక్స్‌బాక్స్ ఆలైలో విండోస్ మీదే కన్సోల్‌లాంటి పూర్తి తెర మెనూ పెట్టారు. అంటే కన్సోల్‌ని ఓడిస్తామని వచ్చి, చివరికి కన్సోల్‌లా ఉండటం నేర్చుకుంటున్నాయి.

బావ: మరి స్టీమ్ ఓఎస్‌లో అన్ని గేములూ ఆడతాయా?

బావమరిది: ప్రోటాన్ అనే పొర ఒకటి ఉంది, విండోస్ గేముల్ని లినక్స్‌లో నడిపిస్తుంది. చాలావరకు ఆడతాయి. మోసాన్ని పట్టుకునే సాఫ్ట్‌వేర్ ఉన్న ఆన్‌లైన్ గేములే కొన్ని ఒప్పుకోవు. ఫోర్ట్‌నైట్ ఆడదు, వాలరెంట్ ఆడదు.

బావ: వాలరెంట్ అన్నావు, గుర్తొచ్చింది. రాయగడ నుంచి ఒకతను మెసేజ్ పెట్టాడు. డెబ్భై వేలు కూడబెట్టాడట, ఆలై కొనాలా పీఎస్5 కొనాలా అని. ఏం ఆడతావని అడిగితే, రోజూ వాలరెంట్ ఒక్కటే అన్నాడు.

బావమరిది: ఆలైలో విండోస్ ఉంది కాబట్టి తెరుచుకుంటుంది. కానీ పీసీ వాలరెంట్ కంట్రోలర్‌ని తీసుకోదు. కీబోర్డు, మౌస్ తగిలించాలి.

బావ: అంటే చేతిలో పట్టుకునే మెషిన్ కొని, బల్ల మీద పెట్టి, మౌస్ తగిలించుకోవాలి.

బావమరిది: అంతే. ఇప్పుడు దేని మీద ఆడుతున్నాడట?

బావ: పాత ల్యాప్‌టాప్. 8 జీబీ ర్యామ్. ఇంకో ఎనిమిది వేయించుకుని, మిగిలింది దాచుకోమని చెప్పాలనుకుంటున్నాను.

బావమరిది: బావా, డేటా సెంటర్ల దెబ్బకి ర్యామ్ ధరలు ఎక్కడికి పోయాయో తెలుసా?

బావ: తెలుసు. నా దగ్గర పాత ధరకి కొన్నవి రెండు స్టాకులో ఉన్నాయి.