పది మంది చనిపోయిన వీధిలో ఒక బోర్డు

శ్రోతలకు నమస్కారం.

కొండదారిలో వెళ్తుంటే రోడ్డు పక్కన గుంజకు బిగించిన చరిత్ర బోర్డులు కనిపిస్తుంటాయి. ఫలానా కోట ఇక్కడ ఉండేది, ఫలానా వారు ఇక్కడ మొదటి ఇల్లు కట్టారు అని రాసి ఉంటుంది. మనం సాధారణంగా కారు ఆపం. ఆపినా ఫొటో తీసుకుని బయల్దేరతాం, చదవడం తర్వాత సంగతి. అమెరికాలో ఇలాంటి బోర్డులు అడుగడుగునా ఉంటాయి. అక్కడ బొగ్గు కొండల రాష్ట్రం వెస్ట్ వర్జీనియా ఉంది కదా, అది 1930ల్లోనే, ఆర్థిక మాంద్యం రోజుల్లోనే వీటిని నాటడం మొదలుపెట్టింది. తెల్లటి పలక, నల్లటి అక్షరాలు, మహా అయితే ఐదారు వాక్యాలు. అంతకు మించి రాయడానికి చోటూ ఉండదు, చదివే ఓపికా ఎవరికీ ఉండదు.

ఆ రాష్ట్రంలో మేట్‌వాన్ అని చిన్న ఊరుంది. అక్కడి బోర్డు కథ ఈ రోజు చెబుతాను.

మేట్‌వాన్ టగ్ ఫోర్క్ అనే నది ఒడ్డున ఉంటుంది. నది దాటితే కెంటకీ రాష్ట్రం. ఇప్పుడు ఊరి జనాభా ఐదువందల లోపే. ఒక పక్క నది, మరో పక్క కొండ. మధ్యలో మిగిలిన కాస్త జాగాలో రైలు పట్టాలు, ఒక వీధి, ఆ వీధిలో ఇటుక భవనాలు. నార్ఫోక్ అండ్ వెస్టర్న్ రైల్వే 1890ల మొదట్లో ఈ లోయగుండా లైను వేసింది, 1895లో మేట్‌వాన్‌కు పట్టణ హోదా వచ్చింది. రైలు లేనప్పుడు కొండలో ఎంత బొగ్గుంటే ఏం లాభం? తవ్వినా బయటికి తీసుకెళ్లే దారి లేదు. రైలొచ్చాక ఒక్కో లోయలో ఒక్కో గని లేచింది. పక్కనే కంపెనీ ఇళ్లు, కంపెనీ కొట్టు, కంపెనీ డాక్టరు. చాలా చోట్ల బడీ చర్చీ కూడా కంపెనీవే. సింగరేణి ప్రాంతంలో వింటున్నవారికి బాయి పని గురించి నేను చెప్పాల్సిన అవసరం లేదు. అయితే అక్కడి పద్ధతిలో ఒకటి రెండు సంగతులు తెలియకపోతే ఆ బోర్డు అర్థం కాదు.

గని కార్మికుడికి జీతం రోజులెక్కన కాదు, టన్నులెక్కన. లోపలికి వెళ్లేటప్పుడు తన నంబరు కొట్టిన చిన్న ఇత్తడి బిళ్లలు పట్టుకెళ్తాడు. పేల్చి, పెళ్లగించి, పారతో ఎత్తి బండి నింపాక ఆ బండికి ఒక బిళ్ల తగిలిస్తాడు. బండి బయటికొస్తుంది, కాటా దగ్గర ఉన్న మనిషి బిళ్ల తీసి నంబరు చూసి తూకం రాస్తాడు. ఆ మనిషి కంపెనీవాడు, కాటా కంపెనీది. బొగ్గులో రాయి కలిసిందని కొంత కోత, బండి అంచుదాకా నిండలేదని ఇంకొంత. చివరికి చేతికొచ్చేది చాలా చోట్ల కంపెనీ ముద్రించిన నాణేలు. మధ్యలో అక్షరం ఆకారంలో చిల్లు కొట్టిన ఆ నాణేలు కంపెనీ కొట్టులో తప్ప ఎక్కడా చెల్లవు. ఇల్లు సంగతి ఇంకా ఘోరం. ఇల్లు ఉద్యోగంతో పాటు వచ్చేది, ఉద్యోగం పోతే ఇల్లూ పోతుంది. యూనియన్‌లో చేరనని సంతకం పెడితేనే పని.

మన జిల్లా లాంటి మింగో కౌంటీలోనే మేట్‌వాన్ ఉంది. 1920 వసంతంలో ఆ కౌంటీ కార్మికులు ఆ సంతకాన్ని లెక్కచేయకుండా వేల సంఖ్యలో యునైటెడ్ మైన్ వర్కర్స్ యూనియన్‌లో చేరారు. స్థానిక కొండజనం, దక్షిణాది నుంచి వచ్చిన నల్లజాతివారు, ఇటలీ, హంగరీ నుంచి వచ్చినవారు అంతా ఒక్క యూనియన్‌లో. కంపెనీలు ముందుగా వాళ్ల ఇళ్ల మీద పడ్డాయి. ఈ ఇళ్లు ఖాళీ చేయించే పనికి బాల్డ్విన్-ఫెల్ట్స్ అనే ప్రైవేటు డిటెక్టివ్ ఏజెన్సీ ఉండేది. పేరుకే డిటెక్టివ్‌లు, చేసేది తుపాకులు పట్టుకుని కాపలా కాయడం, కార్మికులను బెదిరించడం.

1920 మే 19. మధ్యాహ్నం రైల్లో ఆ ఏజెన్సీ మనుషులు మేట్‌వాన్‌లో దిగారు. ఏజెన్సీ యజమాని తమ్ముళ్లు ఆల్బర్ట్ ఫెల్ట్స్, లీ ఫెల్ట్స్ కూడా వాళ్లలో ఉన్నారు. స్టోన్ మౌంటెన్ కోల్ కంపెనీ ఇళ్ల దగ్గరికి వెళ్లి కాపురాలను సామానుతో సహా బయటికి తోశారు. అప్పుడు తుంపర పడుతోందని చెబుతారు. పని ముగించుకుని ఊళ్లోకి వచ్చి, హోటల్లో భోజనం చేసి, సాయంత్రం రైలు కోసం స్టేషన్ వైపు బయల్దేరారు.

దారిలో ఊరి పోలీసు చీఫ్ సిడ్ హాట్‌ఫీల్డ్ అడ్డంగా నిలబడ్డాడు. వయసు ముప్పై కూడా దాటలేదు, ఒకప్పుడు తనూ గనిలో పనిచేసినవాడే. మిమ్మల్ని అరెస్టు చేస్తున్నానన్నాడు. నిన్నే అరెస్టు చేస్తానని ఆల్బర్ట్ ఫెల్ట్స్ ఒక వారంటు తీశాడు. మేయర్ టెస్టర్‌మన్ వచ్చి, ఆ కాగితం చదివి, ఇది దొంగ వారంటు అన్నాడు. అంతకు ముందే, ఊళ్లో ఇళ్ల పైకప్పుల మీద మెషిన్ గన్‌లు పెట్టుకోనిస్తే డబ్బిస్తామని ఏజెన్సీ ఈ మేయర్‌కు ఆశ చూపిందనీ, ఆయన కాదన్నాడనీ అంటారు. ఆ వీధిలో మరుక్షణం కాల్పులు మొదలయ్యాయి. పొగ విడిపోయేసరికి ఫెల్ట్స్ సోదరులిద్దరితో కలిపి ఏడుగురు ఏజెన్సీ మనుషులు, ఇద్దరు కార్మికులు చనిపోయారు. మేయర్ గాయాలతో కన్నుమూశాడు. మొత్తం పది మంది.

మొదటి తూటా ఎవరిది? వందేళ్లు దాటినా తేలలేదు. ఊరి బోర్డు కూడా తేల్చదు. సమ్మె, ఇళ్ల ఖాళీ, వాగ్వాదం, ఇరుపక్కల చావుల లెక్క చెప్పి, కాల్పులు ఎలా మొదలయ్యాయో తెలియదని ఒప్పుకుని, నిందితుల్లో ఎవరికీ శిక్ష పడలేదన్న మాటతో ఆపేస్తుంది. నన్నడిగితే ఇది నిజాయితీగా రాసిన బోర్డే. తెలియనిది తెలియదంది, ఎవరినీ హీరోను చేయలేదు. నాకున్న అసంతృప్తి ఒక్కటే. యూనియన్‌కు గుర్తింపు కోసం కార్మికులు సమ్మె చేశారని చెబుతుంది కానీ, ఆ యూనియన్ ఎందుకు కావాల్సి వచ్చిందో చెప్పదు. ఆ కాటా, ఆ బిళ్లలు, ఉద్యోగానికి కట్టేసిన ఇల్లు, ఇవేవీ అందులో లేవు. వాటి గురించి తెలియని మనిషి చదివితే పోలీసులకూ గార్డులకూ మధ్య వీధి గొడవ అనుకుని వెళ్లిపోవచ్చు.

బోర్డు దగ్గర కథ ఆగిపోయినా, అసలు కథ ఆగలేదు. 1921 మార్చిలో ఆ కాల్పుల కేసులో మింగో జ్యూరీ సిడ్‌ను నిర్దోషిగా వదిలిపెట్టింది. అదే ఏడాది ఆగస్టు 1న మరో కేసులో హాజరు కావడానికి వెల్చ్ అనే పట్టణానికి వెళ్లాడు. స్నేహితుడు ఎడ్ చేంబర్స్ తోడుగా ఉన్నాడు, ఇద్దరి భార్యలూ పక్కనే ఉన్నారు, చేతిలో ఆయుధాల్లేవు. కోర్టు మెట్లు ఎక్కుతుంటే బాల్డ్విన్-ఫెల్ట్స్ మనుషులు ఇద్దరినీ కాల్చి చంపారు. ఆత్మరక్షణ కోసమే కాల్చామన్నారు. వాళ్లకూ శిక్ష పడలేదు. సిడ్ సమాధి నది అవతల, కెంటకీ వైపు గట్టు మీద ఉంది. ఆ హత్యతో కార్మికులు భగ్గుమన్నారు. ఆగస్టు నెలాఖరుకు దాదాపు పదివేల మంది మెడలో ఎర్ర రుమాళ్లు కట్టుకుని, తుపాకులు పట్టుకుని బ్లెయిర్ మౌంటెన్ అనే కొండ దాకా నడిచారు. అక్కడ రోజుల తరబడి యుద్ధమే జరిగింది. ఫెడరల్ సైన్యం దిగాకే ఆగింది.

ఇంత జరిగిందా, ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు రాష్ట్రం దీని గురించి కిమ్మనలేదు. బోర్డులు నాటడం మొదలైన 1930ల్లోనే, ఫెడరల్ ప్రభుత్వం నిరుద్యోగ రచయితలకు పని కల్పిస్తూ ప్రతి రాష్ట్రానికీ ఒక గైడు పుస్తకం రాయించింది. వెస్ట్ వర్జీనియా పుస్తకంలో కార్మిక పోరాటాల గురించి ఉందని అప్పటి గవర్నర్ హోమర్ హోల్ట్ అడ్డుపడ్డాడు. ఆయన దిగిపోయాక 1941లో గానీ అది అచ్చుకాలేదు. మేట్‌వాన్‌లోనూ జనం నోరు విప్పేవారు కాదు. చిన్న ఊరు కదా, ఆ రోజు ఒక వైపున్న కుటుంబం, రెండో వైపున్న కుటుంబం పక్కపక్క ఇళ్లలోనే బతకాలి. 1989, 1990ల్లో కొందరు టేప్ రికార్డర్లు పట్టుకుని ముసలివాళ్ల దగ్గర కూర్చుని వాళ్ల జ్ఞాపకాలు రికార్డు చేశారు. రేడియో మనిషిని కాబట్టి ఆ టేపుల మీద నాకు కాస్త ఎక్కువ మక్కువ. బోర్డులో ఇమడనివన్నీ గొంతుల్లో దొరుకుతాయి, ఒకరి మాటను మరొకరు కొట్టిపారేయడంతో సహా.

ఈ లోపల ఊరు దేని మీద బతికింది? మరో హాట్‌ఫీల్డ్ కథ మీద. హాట్‌ఫీల్డ్, మెకాయ్ కుటుంబాల పగ గురించి అమెరికాలో తెలియనివారుండరు. 1882లో మెకాయ్ అన్నదమ్ములు ముగ్గురిని ఇదే ఊరికి ఎదురుగా, నది అవతల చెట్లకు కట్టి కాల్చేశారు. టూరిస్టులు దీన్ని ఇష్టంగా వింటారు. కొండజనం, మొండి పగ, తుపాకులు. ఇది ఎవరి వ్యాపారానికీ అడ్డురాదు. ఇప్పుడు కొండల్లో నాలుగు చక్రాల బండ్లు నడుపుకునే దారులకు కూడా ఆ కుటుంబాల పేరే పెట్టారు. ఆ బండ్లు నేరుగా మేట్‌వాన్ వీధిలోకే వస్తాయి. కూలి గురించి, కాటా గురించి జరిగిన పోరాటం ఇంత తేలిగ్గా అమ్ముడుపోదు.

బ్లెయిర్ మౌంటెన్‌నే చూడండి. 2009లో దాన్ని జాతీయ చారిత్రక స్థలాల రిజిస్టరులో చేర్చారు. అదే ఏడాది చివరికల్లా తీసేశారు. భూయజమానుల అభ్యంతరాలు లెక్కపెట్టడంలో తేడా వచ్చిందట. ఆ కొండలో ఇంకా బొగ్గుందనీ, దాన్ని పైనుంచి చెక్కి తీయాలని అప్పట్లో కంపెనీలు చూశాయనీ చెబితే ఆ గొడవ ఎందుకో మీకే తెలుస్తుంది. కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి 2018లో మళ్లీ చేర్చారు. అదే రాష్ట్రంలో హాక్స్ నెస్ట్ దగ్గర మరో బోర్డుంది. 1930ల్లో జలవిద్యుత్తు సొరంగం తవ్వుతూ రాతిదుమ్ము పీల్చి చనిపోయిన కూలీల గురించి. అందులో ఒకటి కాదు, రెండు లెక్కలు వేశారు. కంపెనీ ఒప్పుకున్న చావులు 109, అమెరికా కాంగ్రెస్ విచారణలో తేలిన లెక్క 476. ఎక్కువమంది పని కోసం దూరం నుంచి వచ్చిన నల్లజాతి కూలీలు. ఆ బోర్డు పెట్టడానికే యాభై ఏళ్లు పట్టింది, 1986 దాకా. అయినా రెండు అంకెలూ పక్కపక్కన వేసినవాళ్లను మెచ్చుకోవాలి. ఏది నమ్మాలో చదివేవాడికే వదిలేశారు.

మేట్‌వాన్‌కు గుర్తింపు కాస్త ముందే వచ్చింది. 1997లో ఊరి నడిబొడ్డును జాతీయ చారిత్రక చిహ్నంగా ప్రకటించారు. 1977 ఏప్రిల్ వరద ఊరిని ముంచేశాక, నదికీ ఊరికీ మధ్య పెద్ద గోడ కట్టారు. ఆ గోడ మీద కూడా ఊరి చరిత్ర బొమ్మలున్నాయి. 2015లో గని యుద్ధాల మ్యూజియం తెరిచారు. దానికి పూనుకున్నవారిలో గని కార్మికుల కుటుంబాలవారూ ఉన్నారు. ఒకప్పుడు కిటికీలు మూసుకుని చెప్పుకున్న కథ ఇప్పుడు వీధిలోనే చెబుతున్నారు. అన్నట్టు, 1987లో ఈ కాల్పుల మీద ఒక సినిమా వచ్చింది. తీసింది మాత్రం మేట్‌వాన్‌లో కాదు, అదే రాష్ట్రంలో థర్మండ్ అనే మరో రైల్వే ఊళ్లో. అది చూసి థర్మండ్ వెళ్లి తూటా గుర్తుల కోసం వెతికితే దొరకవు.

అసలు గుర్తులు మేట్‌వాన్‌లోనే ఉన్నాయి. పట్టాల వైపు ఉన్న పాత ఇటుక గోడలో తూటాలు దిగిన గుంతలు ఇప్పటికీ కనిపిస్తాయి. అమెరికాలో ఉన్న మనవాళ్లెవరైనా అటువైపు వెళ్తే ముందు వీధిలో బోర్డు చదవండి. అందులో ఏముందో, ఏం లేదో మనసులో పెట్టుకుని గోడ దగ్గరికి నడవండి. తర్వాత మ్యూజియం చూడండి, కంపెనీ నాణేల కథ అక్కడ అర్థమవుతుంది. మ్యూజియం ఏడాది పొడవునా, అన్ని రోజులూ తెరిచి ఉంటుందనుకోవద్దు, ముందే కనుక్కుని బయల్దేరండి. పట్టాలు పాతవి కదా అని వాటి మీద నిలబడి ఫొటోలు తీసుకోకండి, ఆ లైను మీద గూడ్స్ రైళ్లు ఇప్పటికీ నడుస్తున్నాయి. నమస్కారం.