పేరు కనబడని పేపరు
(ఉపాధ్యాయ దినోత్సవ సభలో ఒక రిటైర్డ్ లెక్కల టీచర్ ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, మండల విద్యాధికారి ఎంఈఓ గారికి, తోటి టీచర్లకు నమస్కారం. శాలువాలు, బొకేలు అయ్యేసరికే పన్నెండు దాటింది. మిగతా మర్యాదలన్నీ చెప్పినట్టే అనుకోండి.

మనకు తెలియకుండానే మనలో ఉండే పక్షపాతం గురించి మాట్లాడమన్నారు. నాకు సైకాలజీ రాదు, పేపర్లు దిద్దడం వచ్చు. పదో తరగతి పబ్లిక్ పరీక్షల పేపర్లు దిద్దే స్పాట్‌కు వెళ్ళినవాళ్ళు చేతులెత్తండి. చూశారా, దాదాపు అందరూ! అక్కడ మన చేతికొచ్చే పేపరు మీద పేరుండదు, కోడుంటుంది. దానికి మనమెవరం నొచ్చుకోం. మరి స్కూల్లో పెట్టే పరీక్షలకు? పేరు పైనే ఉంటుంది. పెన్ను మూత తీయకముందే వీడికి పాస్ మార్కులే ఎక్కువ అనేసుకుంటాం.

రెమా హన్నా, లీ లిండెన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు మన దేశంలోనే ఇది పరీక్షించి చూశారు. పిల్లల పేపర్లకు తోచిన కులం తగిలించి టీచర్లకిచ్చారు. 2012లో అచ్చయింది. తక్కువ కులమని రాసి ఉన్న పేపర్లకు మార్కులు కొద్దిగా తగ్గాయి. తగ్గించిందెవరో తెలుసా? ఎక్కువగా ఆ కులాల టీచర్లే! అంటే నాలాంటివాళ్ళే. ఇక ఫలానావాళ్ళే చేస్తారని వేలెలా చూపిస్తాం?

మా ఏడో తరగతి సంగతి చెప్పాలి. ఇదివరకు విన్నవాళ్ళు మళ్ళీ వినక తప్పదు, ఎక్కడికెళ్ళినా చెబుతాను. స్కాలర్‌షిప్ ఫారాలొచ్చిన రోజు మా సారు క్లాసులో "ఎస్సీలెవర్రా, లేచి నిలబడండి" అన్నారు. నలుగురం లేచాం. ఆయన చెడ్డవారు కాదు, మా ఫొటోలకు సొంత డబ్బులిచ్చారు. కానీ మేం నిలబడినంతసేపూ క్లాసంతా మమ్మల్నే చూసింది. తర్వాత క్వార్టర్లీ లెక్కల్లో నాకు తొంభై రెండొచ్చాయి. పేపరిస్తూ "ఎవరిది చూసి రాశావే?" అన్నారు సారు. నవ్వుతూనే అన్నారు. నా పేపరు చూసి రాసిన పిల్లకు డెబ్బై. దాన్ని ఏమీ అడగలేదు. ఆ నవ్వే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. తిట్టి ఉంటే ఎదురు చెప్పేదాన్నేమో.

ఉత్తరప్రదేశ్ పల్లెల్లో కార్లా హాఫ్, ప్రియాంకా పాండే మగపిల్లల చేత చిక్కుదారి పజిళ్ళు చేయించారు. కులం బయటపెట్టనప్పుడు అందరూ ఇంచుమించు సమానంగా చేశారు. నలుగురిలో కులం చదివి వినిపించిన గుంపుల్లో మాత్రం తక్కువ కులాల పిల్లలు వెనకబడ్డారు. పిల్లలు అలాంటివాళ్ళే, పజిళ్ళూ అలాంటివే.

చీటీ వచ్చింది, ముగిస్తాను... లేదు సార్, ఈ ఒక్కటీ చెప్పనివ్వండి. కులం వివరాలు అడ్మిషన్ రిజిస్టర్లోనే ఉంటాయి. ఇంకా ఏమైనా కావాలంటే పిల్లల్ని ఒక్కొక్కరినీ స్టాఫ్‌రూమ్‌కు పిలిచి అడగండి. క్లాసులో నిలబెట్టకండి, దండం పెడతాను.

పేపరు మీద పేరు చివరి పేజీలో రాయించండి. చేతిరాత గుర్తుపడతాం కదా మేడమ్ అంటున్నారు వెనక నుంచి. పడతాం, ఓ పదిమందిది. మిగతా ముప్పైమంది సంగతో? ఎంఈఓ గారు సర్క్యులర్ ఇస్తే సంతోషం. ఇవ్వకపోయినా, వచ్చే పరీక్షకు మీ క్లాసులో మీరు మొదలుపెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.